గెలుపునకు చుట్టములు

2025వ సంవత్సరము అక్టోబరు మాసమున విశాఖపట్టణములో భారత మహిళా క్రికెట్టు జట్టు నాలుగు దినములలో రెండు పర్యాయములు ఓడిపోయినది. 9వ తేదీన దక్షిణాఫ్రికా గెలిచినది. 12వ తేదీన మనవారు 330 పరుగులు చేసియు ఆస్ట్రేలియాను ఆపజాలకపోయిరి. అటుపిమ్మట 19వ తేదీన ఇండోరులో ఇంగ్లండు చేతిలో నాలుగు పరుగుల తేడాతో మూడవ పరాజయము కలిగెను. ప్రపంచకప్పు పోటీ మన గడ్డమీదనే జరుగుచుండగా వరుసగా మూడు ఓటములు! ఆ దినములలో ఈ జట్టును గూర్చి వీధులలోను, టీకొట్లకడను, చేతిలోని ఫోనులలోను ఎట్టి మాటలు వినవచ్చెనో పాఠకులకు జ్ఞాపకముండకపోదు. వీరికి పెద్ద ఆట ఆడు గుండెదిటవు లేదని తీర్పు చెప్పినవారు మనలో లేరా? ఆడువారి ఆట యింతియే యని పెదవి విరిచినవారు లేరా?

నవంబరు 2వ తేదీ రాత్రి నవీ ముంబయిలో ఆ జట్టే ఆ దక్షిణాఫ్రికానే 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పును చేపట్టినది. కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఆ పోటీలో 14 వికెట్లు పడగొట్టినది. తెల్లవారునప్పటికి దేశమంతయు ఆ జట్టునకు చుట్టమైపోయినది. పెదవి విరిచిన నోటనే "మనము గెలిచితిమి" అను మాట వెలువడినది. ఆ సంతోషమును మేము తప్పుపట్టుట లేదు. అది దేశమున కెల్లర కొక పండుగ. పండుగనాడు ఎవరినైనను గుమ్మము కడ నిలిపి లెక్క అడుగుట మర్యాద కాదు. కాని పండుగ గడచిన తరువాత ఇంటివారు తమలో తాము ఒక ప్రశ్న వేసికొనుట మంచిది. అక్టోబరు 12వ తేదీన "వారు" అయినవారు నవంబరు 2వ తేదీకి "మనము" ఎట్లయిరి?

అభిమానము అను మాటను మనము నేడు మిక్కిలి చౌకగా వాడుచున్నాము. కేకలు వేయుట అభిమానము, రంగు చొక్కా తొడుగుకొనుట అభిమానము, బొమ్మలకు పాలు పోయుట అభిమానము. ఆ మాటకు మూలమైన అర్థము వేరు. ఒకదానిని "ఇది నాది" అని తలచి, దాని మానమును తన మానముగా నెంచుటయే అభిమానము. నాది అనుకొనినదానికి మంచి జరిగినపుడు సంతోషించుట ఎంత సహజమో, చెడు జరిగినపుడు తల వంచుకొనుటయు అంత సహజము. మొదటిది మాత్రమే యుండి రెండవది లేనిచో దానిని అభిమానమనుట మాటకే అవమానము. అది విందు జరుగు ఇంటిని వెదకికొని పోవు బంతిచుట్టరికము.

ఈ దౌర్బల్యము ఏ యొక్క దేశమునకో పరిమితమైనది కాదు. 1976లో రాబర్టు చాల్డీనియు ఆయన సహచరులును అమెరికా విశ్వవిద్యాలయములలో జరిపిన పరిశీలన లోకప్రసిద్ధము. తమ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు జట్టు వారాంతమున గెలిచినచో, సోమవారమునాడు ఆ విద్యాలయము పేరో గుర్తో గల దుస్తులు ధరించి వచ్చు విద్యార్థులు ఎక్కువగుచుండిరి. ఆటను గూర్చి అడిగినపుడు గెలిచిన ఆటను "మేము గెలిచితిమి" అనియు, ఓడిన ఆటను "వారు ఓడిరి" అనియు చెప్పు మొగ్గు వారియందు కానవచ్చెను. ఒక్క సర్వనామమును మార్చుటతో మనుష్యుడు ఓటమి అను ఋణమునుండి తప్పించుకొనుచున్నాడు. చెరువు నిండినపుడు కప్పలు పిలువకయే చేరునని మన పెద్దలు శతాబ్దముల క్రిందటనే కనిపెట్టిరి. అమెరికా పండితులు దానిని లెక్కించి చూపిరి. తేడా అంతియే.

ఇది మానవ స్వభావమే గదా, ఆటలో దీనికింత విచారమేల యని కొందరనవచ్చును. విచారమునకు కారణము గలదు. గెలుపు వెంట జనము పోవుదురు, జనము వెంట ధనము పోవును, ధనము వెంట మైదానములు, శిక్షకులు, పసిపిల్లల చేతిలోని బంతులు పోవును. కనుక జనము నిలుకడలేనిచో ఆటయే నిలువదు. ఈ మాటకు నిదర్శనమును దూరదేశములలో వెదుకనక్కరలేదు. హైదరాబాదు నగరపు జట్లు గెలిచిన మూడు ఫైనలు ఆటలు చాలును. ఆ మూడింటను గెలిచినది మనవారే. పాఠము నేర్పినది మాత్రము ఓడినవారి అభిమానులు.

మొదటిది 2009 మే 24వ తేదీన దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గున జరిగిన ఐ. పి. యల్. ఫైనలు. అంతకు ముందు సంవత్సరము ఎనిమిది జట్లలో కట్టకడపటిదైన డెక్కన్ ఛార్జర్స్ జట్టు ఆనాడు బెంగుళూరు జట్టును ఆరు పరుగులతో ఓడించి కప్పు గెలిచినది. ఆ రాత్రి భాగ్యనగరమున ఆ పేరు మారుమ్రోగినది. మూడేండ్లు గడచునప్పటికి, యాజమాన్యపు చిక్కులవలన, 2012లో ఆ జట్టే లేకుండ పోయినది. నేడు ఆ పేరు ఎవరి నోట వినవచ్చుచున్నది? 2013లో వచ్చిన సన్‌రైజర్స్ జట్టు 2016 మే 29వ తేదీన బెంగుళూరులోనే, బెంగుళూరు జట్టునే, ఎనిమిది పరుగులతో ఓడించి రెండవ కప్పు తెచ్చినది. వెంటనే మనవారు పాత పేరును పాత చొక్కావలె విడిచి క్రొత్తది తొడుగుకొనిరి.

రెండుమార్లును ఓడిన బెంగుళూరు సంగతి చూడుడు. 2009లో ఓటమి, 2011లో చెన్నై చేతిలో ఓటమి, 2016లో సొంత మైదానముననే ఓటమి. 2017లో ఒక ఆటలో 49 పరుగులకే జట్టంతయు కూలిపోయి, ఆ యేడు పట్టికలో అడుగున నిలిచినది. 2019లోను అడుగుననే నిలిచినది. లోకమంతయు పరిహసించినది. అయినను ప్రతి సంవత్సరము ఆ నగరవాసులు "ఈసారి కప్పు మనదే" అని కన్నడమున నినదించుచు మైదానమునకు వచ్చుట మానలేదు. ఆ నినాదమే పరిహాసమునకు గురియైనపుడును దానిని వారు విడువలేదు. పదునెనిమిదవ పోటీలో, 2025 జూను 3వ తేదీన అహమ్మదాబాదులో పంజాబు జట్టును ఆరు పరుగులతో ఓడించి ఆ జట్టు తొలి కప్పు గెలిచినపుడు, ఆ గెలుపులో పదునెనిమిదేండ్ల సహనమునకు భాగమున్నదని ఎవరు కాదనగలరు? ఆ మరునాడు బెంగుళూరు మైదానము వెలుపల జరిగిన తొక్కిసలాటలో పదునొకండుగురు మరణించుట ఆ సంతోషమును శోకముగ మార్చినది. ఆ దుర్ఘటనకు జవాబు చెప్పవలసినవారు ఏర్పాట్లు చేయవలసినవారే గాని, ఎన్నో యేండ్లు నిరీక్షించి ఆశతో వచ్చిన ఆ దుర్భాగ్యులు కారు.

మూడవ ఫైనలు ఫుట్‌బాలునకు సంబంధించినది. 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫతోర్డా మైదానమున హైదరాబాదు జట్టును కేరళ బ్లాస్టర్సు జట్టును తలపడినవి. కేరళ జట్టు అంతకుముందు రెండు ఫైనళ్లలో ఓడి, అప్పటికి ఒక్క కప్పునైనను ఎరుగదు. అయినను మైదానమంతయు పసుపురంగు చొక్కాలతో నిండిపోయినది. వందలమైళ్లు ప్రయాణించి వచ్చిన మలయాళీలు వారు. 88వ నిమిషమున సాహిల్ తవోరా కొట్టిన గోలుతో హైదరాబాదు సరితూగి, తుదకు పెనాల్టీలలో 3-1గా గెలిచినది. గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులను ఆపినాడు. కేరళీయులు మూడవమారు ఓడిపోయి ఇంటికి మరలిరి. మరుసటి యేడు మరల కొచ్చి మైదానమునకు వచ్చిరి.

గెలిచిన హైదరాబాదు జట్టు గతి ఏమైనది? 2022-23లో పట్టికలో రెండవస్థానము దక్కినది. ఆ తరువాత యాజమాన్యము జీతములు చెల్లింపజాలక పోగా పేరుగన్న ఆటగాండ్రు ఒక్కరొక్కరుగ వెడలిపోయిరి. 2023-24లో అనుభవము చాలని యువకులు కొందరు ఆ రంగు విడువక ఆడి, ఒక్క ఆట మాత్రము గెలిచి, పట్టిక అడుగున నిలిచిరి. 2025లో ఆ జట్టు చేతులు మారి ఢిల్లీకి తరలిపోయినది, పేరును మారినది. ఒక మహానగరము తన ఫుట్‌బాలు జట్టును పోగొట్టుకొనుట సామాన్యవిషయమా? చివరి దినముల వరకు గచ్చిబౌలి మైదానమున కూర్చుండిన కొలదిమంది మినహా ఎందరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు?

దోషమంతయు ప్రేక్షకులదని మే మనుట లేదు. అప్పులు చేసినవారు ప్రేక్షకులు కారు. కాని ఒక జట్టు ఊరిలో వేళ్లు దన్నియుండిన యెడల దానిని పెరికి మరియొక యూరికి గొనిపోవుట అంత సులభము కాదు. బేరగాని చేతిలోని సరకునకును, ఊరివారి గుడికిని గల భేదమదియే. సరకును ఎచ్చటికైనను తరలింపవచ్చును. గుడిని తరలించిన ఊరు లేచి నిలుచును.

ఇది ఎట్టి నగరమునకు సంభవించినదో తలచినచో దుఃఖము ఇబ్బడియగును. స్వాతంత్ర్యానంతరము భారత ఫుట్‌బాలునకు హైదరాబాదు పుట్టినిల్లువలె వెలసినది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాల్గవస్థానమున నిలిచి, 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకమును గెలిచినది. సికిందరాబాదు ప్రక్క అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టున ఆడినవాడే. మరుసటి యేడే రహీం పరమపదించెను. ఆ పరంపర ఒక్కదినమున తెగలేదు. గెలుపులు తగ్గినకొలది చూచువారు తగ్గిరి. చూచువారు తగ్గినకొలది ఆడువారు తగ్గిరి. నాటి పేరులు నేడు పెద్దల ముచ్చటలలో మాత్రమే మిగిలియున్నవి.

ఇట్టి వ్యాపారపు జట్లకు విశ్వాసమేల, అవి కొన్నవారి సొత్తు గదా యని ఆక్షేపింతురు. నిజమే, యజమాని నేడుండును, రేపు పోవును. ఆటగాండ్రు వేలములో చేతులు మారుదురు. చొక్కా రంగు సైతము మారును. అట్లయిన విశ్వాసము దేనియందు? ఊరియందు, ఊరి పిల్లలయందు, ప్రక్క ఆసనమున కూర్చుండి పది సంవత్సరములుగ తనతో గూడ ఓడిపోవుచున్న ఆ అపరిచితునియందు. యజమానులు కొనజాలనిదియు అమ్మజాలనిదియు ఇదియొక్కటే. అది దృఢముగ నున్నచోట యజమానులును ఒడలు దగ్గర పెట్టుకొని నడుతురు.

ఒక నగరము విషయమున జరిగినది దేశము విషయముననును జరిగియున్నది. 1928 మొదలు 1980 వరకు ఒలింపిక్సు హాకీలో భారతదేశము ఎనిమిది స్వర్ణపతకములు గెలిచినది. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి సంవత్సరము, 1948లో, లండనులో బ్రిటిషు జట్టునే 4-0తో ఓడించి గెలిచిన పతకమును తలచినపుడు ఇప్పటికిని ఒడలు పులకించును. అట్టి ఆటను మనము విడిచిన విధ మెట్టిది? 1982 డిశంబరు 1వ తేదీన ఢిల్లీలో ఆసియా క్రీడల ఫైనలులో పాకిస్థాను చేతిలో 7-1తో ఓడిపోతిమి. గోలుకీపరు మీర్ రంజన్ నేగి దేశమును అమ్ముకొనినాడను నీలాపనింద వేసితిమి. ఏడు మాసములు నిండకమునుపే, 1983 జూను 25వ తేదీన లార్డ్సు మైదానమున కపిల్‌దేవ్ నాయకత్వమున మనవారు వెస్టిండీసును 43 పరుగులతో ఓడించి క్రికెట్టు ప్రపంచకప్పు గెలిచిరి. క్రికెట్టు గెలుచుట మహదానందమే. కాని ఆ యింటికి పోవు తొందరలో ఈ యింటి దీపమార్పి పోవలయునా?

ఆ పిదప హాకీకి సంభవించిన దుర్దశ యెల్లర కెరుకయే. 1986 ప్రపంచకప్పులో కడపటిస్థానము. 2008 ఒలింపిక్సునకు అర్హతయే లేకపోవుట. 2012 లండనులో మరల కడపటిస్థానము. ఈ చీకటిలో 2018లో ఒడిషా రాష్ట్రప్రభుత్వము జాతీయ హాకీజట్లను పోషించుటకు పూనుకొన్నది. నాటికి ఒలింపిక్సు హాకీ పతకమును చూచి దేశమునకు ముప్పదియెనిమిది సంవత్సరములైనది. గెలుచువారిని వెదకికొనక, ఓడుచున్నవారి చేయి పట్టుకొనుట అపూర్వము. 2021 ఆగస్టు 5వ తేదీన టోక్యోలో జర్మనీని 5-4తో ఓడించి మనవారు కాంస్యపతకము గెలిచిరి. 2024లో పారిసున స్పెయినును ఓడించి మరల గెలిచిరి. ఓటమినాడు నాటిన విత్తనము గెలుపునాడు పండునను సత్యమునకు ఇంతకన్న నిదర్శనమేమి కావలయును?

అయినచో విశ్వాసమనగా గ్రుడ్డితనమా, తప్పును తప్పనరాదా? ముమ్మాటికి కాదు. పనికిరాని యెంపికలను, అవినీతిని, సోమరితనమును గట్టిగ విమర్శించు అధికారము నిజమైన అభిమానికే గలదు. ఏలన అతడు విమర్శించిన పిమ్మట కూడ అచ్చటనే యుండును. తల్లి కోపించును, పొరుగువాడు ఎగతాళి చేయును. రెండును కఠినమైన మాటలే యయినను బిడ్డ కా భేదము తెలియును.

ఈ భేదమును మన దేశపు రెండు మైదానములు చక్కగ చూపినవి. 1996 మార్చి 13వ తేదీన కలకత్తాలో ప్రపంచకప్పు సెమీఫైనలున శ్రీలంక చేసిన 251 పరుగులను అందుకొనజాలక భారతజట్టు 120 పరుగులకు ఎనిమిది వికెట్లు కోల్పోయినపుడు ప్రేక్షకులు సీసాలు విసరి, ఆసనములకు నిప్పంటించిరి. ఆట ఆగిపోయినది, విజయము శ్రీలంక కీయబడినది. వినోద్ కాంబ్లీ కన్నీరు గార్చుచు మైదానము వెడలెను. ఆ రాత్రి అచ్చట ఓడినది జట్టు మాత్రమే కాదు. మూడేండ్లకు, 1999 జనవరి 31వ తేదీన చెన్నపట్టణము చేపాకు మైదానమున, టెండూల్కరు నడుము నొప్పితో పోరాడి 136 పరుగులు చేసియు, భారతజట్టు పాకిస్థాను చేతిలో 12 పరుగులతో ఓడిపోయినది. కొంతసేపు మైదానమంతయు నిశ్శబ్దము. అటుపిమ్మట వేలకొలది ప్రేక్షకులు లేచి నిలిచి గెలిచినవారికి చప్పట్లు కొట్టిరి. పాకిస్థాను ఆటగాండ్రు మైదానము చుట్టి వచ్చి వారికి కృతజ్ఞత తెలిపిరి. ఆనాటి ప్రేక్షకులకు దేశాభిమానము తక్కువయని యెవడనగలడు? తమ జట్టు ప్రాణమొడ్డి ఆడినదని ఎరిగినవారు గనుకనే వారికి ఎదుటివాని గెలుపును చూచి ఓర్వగల బలము కలిగినది. కలకత్తాలో నిప్పుపెట్టినవారు జట్టును ప్రేమించలేదు; తమ గెలుపును ప్రేమించిరి. అది దక్కకపోగా మండిపడిరి.

ఇక గెలిచిననాడు క్రొత్తగ వచ్చినవారి సంగతి. వారిని వెలివేయుట మా మతము కాదు. 1983లో కప్పు గెలిచిన తరువాతనే క్రికెట్టు చేతపట్టిన పిల్లలు కోట్లకొలది. ఎవరికైనను ఒక ఆటతో మొదటి పరిచయము ఏదో యొక గెలుపునాడే కలుగును. నవంబరు 2వ తేదీ రాత్రి మేలుకొని, మరునాడు తండ్రిని బ్యాటు కొనిపెట్టుమని అడిగిన పల్లెటూరి బాలికను గాలివాటు అభిమాని యని పరిహసించువాడు మూర్ఖుడు. గెలుపునాడు వచ్చుట దోషము కాదు. ఓటమినాడు లేచిపోవుటయే దోషము. వచ్చిన దినమును ఎవరును అడుగరు. ఉన్న దినములనే లెక్కింతురు.

ఆ లెక్క ప్రకారము చూచినచో, మహిళా క్రికెట్టు గెలుపులో పెద్దపాలు ఎవరిదో తెలియును. 1973లో భారత మహిళా క్రికెట్టు సంఘమేర్పడినది మొదలు, 2006లో క్రికెట్టు బోర్డు ఆ భారము వహించువరకు, ఆ యాటను ధనముగాని కీర్తిగాని చూచి నడిపినవారు లేరు. సికిందరాబాదున పెరిగిన మిథాలీ రాజ్ నాయకత్వమున మన జట్టు 2005 ఫైనలులో ఆస్ట్రేలియా చేతిలో 98 పరుగులతోను, 2017 ఫైనలులో ఇంగ్లండు చేతిలో 9 పరుగులతోను ఓడిపోయినది. 1999 మొదలు 2022 వరకు ఆడి, కప్పు చేపట్టకుండగనే ఆమె ఆట విరమించినది. ఖాళీ గ్యాలరీల యెదుట ఆడిన ఆ క్రీడాకారిణులును, ఆ గ్యాలరీలలో అచ్చటచ్చట కూర్చుండిన నలుగురును లేకున్నచో నవీ ముంబయిలోని ఆ రాత్రి లేదు.

కనుక మా విన్నపము స్వల్పమైనది. దేశపు జట్టు గెలిచిన రాత్రి టపాకాయలు కాల్చుటతో పాటు, మన యూరి జట్టు ఆడు పగటివేళ ఒకమారు మైదానమునకు పోవుదము. రంజీ పోటీలో 1937-38లోను 1986-87లోను విజేతయై, 2010లో ఒక ఆటలో 21 పరుగులకే కూలిపోయిన హైదరాబాదు జట్టున కొక చప్పట్టు కొట్టువాడు కావలయును. జిల్లాలలో చెప్పులు లేని కాళ్లతో కబడ్డీ, ఖోఖో, హాకీ ఆడు పిల్లలకు ఒక చూపరి కావలయును. ఆటగాండ్ర తలిదండ్రులు మాత్రమే కూర్చుండు ఆ అరుగుమీద మరి పదిమంది కూర్చున్నచో, అది ప్రభుత్వము వారి శాలువా సత్కారముకంటె మిన్నయగు పోషణము. మన పిల్లలకు జట్టు పేరు నేర్పునపుడు అది గెలిచిన కప్పుల లెక్కతోపాటు ఓడిన ఆటల కథలను గూడ నేర్పుదము. ఆ కథలు తెలిసినవానికే కప్పు బరువు తెలియును.

క్రీడాభిమానము చిన్న విషయమువలె తోచును. కాని జాతి తన జట్టుతో మెలగు తీరు, కష్టకాలమున తన సంస్థలతోను, తన నాయకులతోను, తన భాషతోను, తన యిరుగుపొరుగుతోను మెలగబోవు తీరునకు సూచకము. గెలుపునకు చుట్టములైనవారు స్వాతంత్ర్యమునకును చుట్టములే యగుదురు. స్వాతంత్ర్యమునకై లాఠీదెబ్బలు తిన్నవారు వేరుగ నుందురు. నిలుకడ అను గుణము పెద్ద పరీక్షనాడు ఆకాశమునుండి ఊడిపడదు. ఇట్టి చిన్న మైదానములలోనే దానిని సాధనచేయవలయును.

విశాఖపట్టణమున అక్టోబరు 12వ తేదీ రాత్రి, రెండవ ఓటమి తరువాత, జెండా మడిచి చంకన బెట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, "వచ్చే ఆటకు చూతములే" అనుకొనుచు ఇంటిదారి పట్టినవా రెందరో యుందురు. వారి పేరులు ఏ పత్రికయు అచ్చువేయలేదు. నవంబరు 2వ తేదీన కప్పు గెలిచినపుడు "మనము గెలిచితిమి" అను మాట మొదట వారిది. తక్కినవారము ఆ మాటను వారి యొద్ద అరువు తెచ్చుకొన్నాము. తదుపరి ఓటమినాడు మైదానమునకు పోయి ఆ ఋణమును తీర్చుకొందము.